సవరణ: ఆ కత్తి పిడి మీద మచ్చలు కాల్చినవి కాదు

మొన్న నా దగ్గరున్న ఫిన్లాండ్ వేట కత్తి ఫోటో పెట్టి, చెక్క పిడి మీద గోధుమరంగు మచ్చలు కాల్చి వేసిన డిజైన్ అని రాశా కదా, అది తప్పు, సరిగ్గా చూడకుండా రాసేశా. చేత్తో కత్తులు చేసే ఒకాయన చెప్పాక చెట్ల పుస్తకంలో కూడా చూశా. ఆ పిడి చెక్క కర్లీ బర్చ్ అనే చెట్టుది, ఫిన్లాండ్‌లో దాన్ని విసకోయివు అంటారు, చలి దేశాల్లో పెరిగే సిల్వర్ బర్చ్ చెట్టులోనే ఒక రకం. జన్యువుల వల్ల కాండంలోని చెక్క పోగులు మెలికలు తిరిగి పెరిగి, లోపల బెరడు లాంటి కణజాలం ఇరుక్కుని ఆ మచ్చలొస్తాయి. అందుకే ఖరీదెక్కువ, కిలోల లెక్కన అమ్ముతారట! పిడి చివర కోసిన వైపు చూస్తే మచ్చ లోపలికంటా కనిపిస్తోంది, కాల్చిందైతే పైపైనే ఉండేది. పాత పోస్ట్‌లో ఆ లైన్ మార్చా. బ్లేడు గురించి రాసిందాంట్లో మార్పేం లేదు.