గ్యాసే సత్యం, కండెన్సర్ మిథ్య

కారు ఏసీ గురించి లోకంలో ఉన్న జ్ఞానమంతా మూడే మూడు మాటల్లో ఇమిడిపోయింది. "గ్యాస్ అయిపోయింది సార్." ఈ మాట ఇంతవరకు వినలేదంటే మీకు కారైనా ఉండి ఉండదు, లేదా కొని వారమైనా అయి ఉండదు.

నేనూ ఒకప్పుడు అజ్ఞానినే. ఏసీ అంటే కంప్రెసర్, కండెన్సర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, ఎవాపరేటర్, గాలిని తోసే బ్లోయర్, వీటన్నిటి మీద పెత్తనం చేసే రిలేలు, సెన్సార్లు అని ఎక్కడో చదివి, అదంతా నిజమే అనుకున్నాను. ఇన్ని సామాన్లున్నాయి కదా, వాటిలో ఏదో ఒకటి పాడవుతుంది కదా అని పిచ్చి లెక్క కూడా వేసుకున్నాను. నా కళ్లు తెరిపించినవాడు మెకానిక్. గ్యాసొక్కటే సత్యం. కంటికి కనిపించే మిగతా పార్టులన్నీ మాయ.

నా కారు కష్టం చాలా చిన్నది. రోడ్డు మీద పోతున్నంతసేపూ చల్లగా ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగాలి కొడుతుంది. మళ్లీ కదిలితే చల్లన. ఇదే చెప్పాను. ఆయన బానెట్ ఎత్తలేదు. నా పక్కసీట్లో కూర్చుని, ఏసీ వెంట్‌కు అరచెయ్యి అడ్డం పెట్టి, కళ్లు మూసుకున్నాడు. నాడి చూసే వైద్యుడు కూడా అంత ఏకాగ్రతతో చూడడు. నేను ఊపిరి బిగబట్టాను. కాసేపటికి కళ్లు తెరిచాడు.

"గ్యాస్ కొట్టించి ఎన్నాళ్లయింది సార్?"

"ఎప్పుడూ కొట్టించలేదండీ."

పిల్లాడికి మూడేళ్లొచ్చినా ఒక్క టీకా కూడా వేయించని తండ్రిని చూసినట్టు చూశాడు. నేను తల దించుకున్నాను. అయినా నోరు ఊరుకోలేదు.

"మరి ఆగినప్పుడే కదా వేడొస్తోంది? ఎర్రలైటు పడగానే గ్యాస్ అయిపోయి, పచ్చలైటు పడగానే తిరిగొస్తోందంటారా?"

"అట్లానే ఉంటుంది సార్ ఈ మోడల్‌లో."

తర్వాత గ్యాస్ ప్రెషర్ చూసే మీటర్లు తెచ్చి, ఇంజిన్ ఆపి ఉండగానే బిగించాడు. ముల్లు వంద దగ్గర ఆగింది. "చూశారా?" అన్నాడు. చూశాను. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఆ ముల్లు చెప్పేది బయటి ఎండ సంగతి. మామూలుగా వాడే ఆర్-134ఎ గ్యాస్ 30 డిగ్రీల వేడిలో ఊరికే కూర్చున్నా వంద పీఎస్ఐకి (ప్రెషర్ కొలిచే లెక్క) అటూ ఇటూగా చూపిస్తుంది. లోపల చుక్క ద్రవం మిగిలి ఉన్నంతవరకు, సగం ఉన్నా నిండుగా ఉన్నా అదే అంకె. అంటే ఆయన నాకు చూపించింది వాతావరణ సూచన. దానికి నేను బిల్లు కట్టాను.

అసలు జబ్బేమిటో చెప్పనా? కారు కదిలేటప్పుడు, గ్యాస్ మోసుకొచ్చిన వేడిని బయటికి వదిలే కండెన్సర్ ఎదురుగాలి తగిలి చల్లబడుతుంది. ఆగితే ఆ పని ఫ్యాన్ చేయాలి. నా ఫ్యాన్ తిరగడం లేదు. ఏసీ వేసి, బానెట్ ఎత్తి, చెయ్యి దూరంగానే ఉంచి, ఫ్యాన్ తిరుగుతోందా లేదా అని చూడాలి, అంతే. దీనికి రెండు కళ్లు కావాలి. ఒక కన్నున్నా సరిపోతుంది.

మీ ఇంట్లో ఫ్రిజ్ ఉంది కదా, దానికి ఏటా గ్యాస్ కొట్టిస్తున్నారా? కారు ఏసీ కూడా అదే సూత్రం. గ్యాస్ మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, ఇంజిన్ ఆయిల్‌లా పాతబడి మార్చాల్సిందీ కాదు. కారులో రబ్బరు గొట్టాలుంటాయి, కుదుపులుంటాయి, కాబట్టి ఏళ్ల తరబడి ఏ కాస్తో జారిపోతుందంటే ఒప్పుకుంటాను. కానీ ప్రతి వేసవికీ అయిపోతోందంటే ఎక్కడో చిల్లుంది. చిల్లికుండలో నీళ్లు పోసి, వచ్చే ఏడాది రండి అనడానికి చదువు ఎందుకు, మీటర్లెందుకు?

గ్యాస్‌వాదులు నా ఒక్కడి మీదే ప్రయోగాలు చేయడం లేదు. మా బావగారి కారులో బ్లోయర్ ఒకటి, రెండు, మూడు నంబర్ల మీద పలకదు, నాలుగు మీద మాత్రం తుపాను. బ్లోయర్ వేగాన్ని తగ్గించే రెసిస్టర్ కాలిపోయిందని ఆ లక్షణమే మొత్తుకుంటోంది. ఆయనకూ గ్యాస్ కొట్టారు. మా ఆఫీసులో ఒకావిడకు కాళ్ల దగ్గర కార్పెట్ తడుస్తోంది. ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం పూడుకుపోతే అవి లోపలికే వస్తాయి. ఆవిడకూ గ్యాసే. ఈ ధోరణి చూస్తే ఏదో ఒకరోజు నాకు కడుపుబ్బరంగా ఉందంటే కూడా...

వద్దులెండి, ఆ జోకు పాతది.

శిఖరాగ్రం మాత్రం హీటరే. చలికాలంలో హీటర్ నుంచి చన్నీళ్లు చల్లినట్టు గాలి వస్తోందని వెళ్లాను. మళ్లీ అదే అరచెయ్యి, అదే ధ్యానం. "గ్యాస్ తక్కువుంది సార్." ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నారట పూర్వం. ఆ ఎద్దుకు కూడా ఈయన గ్యాస్ కొట్టి పంపేవాడు. ఏసీ గ్యాస్‌తోనే వేడిని కూడా తెచ్చే హీట్‌పంప్ ఉన్న ఎలక్ట్రిక్ కార్ల సంగతి వేరు, నాది పెట్రోలు బండి. ఇంజిన్ వేడిని మోసుకొచ్చే కూలెంట్ డాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటర్‌లోంచి పోతుంది, దాని మీదుగా వచ్చిన గాలే మన హీటర్. ఊరికే పోయే వేడిని వాడుకోవడం తప్ప అందులో ఇంకో విద్య లేదు. కూలెంట్ తగ్గిందా, లోపల గాలి చిక్కుకుందా, కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ తెరిచినది తెరిచినట్టే ఉండిపోయి ఇంజిన్ వేడెక్కడం లేదా, వేడిగాలినీ చల్లగాలినీ కలిపే తలుపు కదలడం లేదా అని చూడాలి. (మీరే చూసుకుంటానంటే, ఇంజిన్ చల్లారేదాకా రేడియేటర్ మూత జోలికి పోకండి. మొహం కాలుతుంది.) ఈ దారిలో ఏసీ గ్యాస్ ఎక్కడా ఎదురుపడదు.

ఇదంతా అమాయకత్వమే అని సరిపెట్టుకోవచ్చు. ఒక్క శబ్దం దగ్గర మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. పాత గ్యాస్ తీసేస్తాను అని స్క్రూడ్రైవర్‌తో వాల్వ్ నొక్కి "స్స్స్" అని గాలిలోకి వదిలేస్తాడు చూడండి, అక్కడ. అంతకుముందు కారు ఏసీల్లో వాడిన ఆర్-12 గ్యాస్ ఓజోన్ పొరను తినేస్తోందనే కదా 1987లో మాంట్రియల్ ఒప్పందం రాసుకుని, తర్వాత కార్లన్నీ ఆర్-134ఎకు మారాయి. ఇది ఓజోన్ జోలికి పోదు, కానీ అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే నూరేళ్లలో దాదాపు 1,400 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. అరకిలో వదిలితే సుమారు 300 లీటర్ల పెట్రోలు కాల్చినంత. కాసేపటి పని! దాన్ని వెనక్కి లాగి, తూకం వేసి, గొట్టాల్లో తేమ పోయేదాకా వ్యాక్యూమ్ పట్టి, మళ్లీ గ్రాముల లెక్కన నింపే యంత్రాలున్నాయి. ఎన్ని గ్రాములో బానెట్ కింద స్టిక్కర్ మీద అచ్చేసి ఉంటుంది. ఎవరు చదివారు? చెయ్యి చల్లబడేదాకా కొట్టడమే కొలత. ఎక్కువైతే ప్రెషర్ పెరిగి కంప్రెసర్ ఆగిపోతుంది. ఆగిందంటే ఇంకాస్త కొడతాడు.

ఇంకో ఘోరం చెప్పనివ్వండి. కంప్రెసర్‌కు కావలసిన ఆయిల్ ఆ గ్యాస్‌తో కలిసే తిరుగుతుంది, చిల్లున్నచోట దానితోపాటే బయటికి పోతుంది. ఆ జాయింటు దగ్గర జిడ్డుమరకై కనబడుతుంది కూడా. సబ్బునీళ్లు రాస్తే పెద్ద చిల్లు బుడగలేస్తుంది. రంగు ఎక్కించి యూవీ లైటు కొడితే చిన్నదీ మెరుస్తుంది. జాయింటులో ఉండే ఓ-రింగ్ అనే ఒక్క రబ్బరు చుట్టు మారిస్తే తీరేదాన్ని మూడేళ్లు గ్యాస్ కొట్టి లాగుతారు. ఆయిల్ లేక కంప్రెసర్ అరిగి, లోహపు రజను గొట్టాలన్నిటా పాకుతుంది. అప్పుడు జాలిగా వచ్చి "కంప్రెసర్ పోయింది సార్, పాతబడింది కదా" అంటారు. పాతబడలేదు నాయనా, మీరు చంపారు. చంపి, శవానికి కూడా బిల్లేశారు.

కారుకు ఏసీ పెట్టి అమ్మిన మొదటి కంపెనీ అమెరికాలోని ప్యాకార్డ్, 1940 మోడల్లో. డిక్కీలో సగం అదే ఆక్రమించేది. ఏసీ ఆపాలంటే ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు చేత్తో ఊడదీయాలి. ఎంత తిప్పలైనా, ఏసీకి ఒక బెల్టు ఉంటుందని ఆ కారున్న ప్రతివాడికీ తెలిసేది.

చివరికి ఫ్యాన్ మార్పించుకున్నాను. చల్లదనం వచ్చింది, కానీ గాలి నీరసంగా ఉంది. ఒక ఆదివారం గ్లోవ్‌బాక్స్ ఊడదీసి చూస్తే లోపలికొచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ ఉండాల్సిన చోట ఒక పాత కంబళి ముక్క కనిపించింది. బయటికి లాగితే అదే ఫిల్టర్. ఎండాకులు, ఈకలు, రెండు తేనెటీగల శవాలు. కొత్తది పెట్టాను, గాలి జివ్వున కొట్టింది. ఆ గర్వంతో మెకానిక్ దగ్గరికి వెళ్లి, ఏమీ మాట్లాడకుండా వెంట్ తెరిచి చూపించాను. అరచెయ్యి పెట్టాడు, కళ్లు మూసుకున్నాడు, చాలాసేపు ఆలోచించాడు.

"గాలి బాగా ఎక్కువొస్తోంది సార్," అన్నాడు. "జాగ్రత్త. గ్యాస్ తొందరగా అయిపోతుంది."