ఆకుముడత కనబడగానే మందు కొట్టాలా?

ఆకుముడత అంటే వరి ఆకును మడిచి లోపల కూర్చుని తినే పురుగు. దాని గురించి వరి రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది: "ఆకు మీద తెల్ల చార కనబడితే వారంలో పొలం పోయినట్టే. మడిలో ఎగిరే రెక్కల పురుగులే ఆకు తింటాయి. వెంటనే సింథటిక్ పైరిథ్రాయిడ్ కొట్టి, యూరియా చల్లండి." ఇది నమ్మితే డబ్బూ పోతుంది, పంటా దెబ్బతింటుంది.

రెక్కల పురుగు ఆకు తినదు, గుడ్లు పెడుతుంది. తినేది దాని పిల్ల. ఒక ముడత విప్పి చూడండి. సన్నటి పచ్చ పురుగు ఆకు అంచులు రెండూ దారంతో కుట్టేసుకుని, లోపల కూర్చుని పచ్చదనం గీకుతుంటుంది. గీకిన చోటే తెల్ల చార. ముట్టుకుంటే గిలగిలా కొట్టుకుని కింద పడుతుంది. ముడత ఖాళీగా ఉందంటే పురుగు వేరే ఆకుకు పోయి ఉంటుంది, లేదా దాని కాలం తీరి ఉంటుంది. కాబట్టి చారలు కాదు, పురుగులు లెక్కపెట్టాలి.

ఇక వారంలో పొలం పోతుందన్న మాట. రైతును టెన్షన్ పెట్టి మందు కొనిపించేది ఇదే. పిలకలు వేసే దశలో వరి కొత్త ఆకులు వేసుకుని ఆ నష్టాన్ని చాలావరకు పూడ్చుకుంటుంది. వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో 1990ల్లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, విత్తిన 40 రోజుల దాకా ఆకు తినే పురుగులకు మందు కొట్టొద్దని ప్రచారం చేశారు. రైతులు తమ మడిలోనే కొంత భాగం కొట్టకుండా వదిలి చూసుకున్నారు. దిగుబడి తగ్గలేదు. పోటాకు (వెన్ను బయటికి రాకముందు వచ్చే చివరి ఆకు) దశలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు, గింజ నిండడానికి ఆ ఆకే ముఖ్యం. దుబ్బుకు పురుగుతో ఉన్న తాజా ముడతలు రెండు కనిపిస్తే అప్పుడు మందు గురించి ఆలోచించాలి.

అప్పుడైనా ఆ మెసేజ్ చెప్పిన పైరిథ్రాయిడ్ రకం పురుగుమందు వద్దు. అది సాలీళ్లను, మిరిడ్ నల్లులను చంపేస్తుంది. వరి దుబ్బు రసం పీల్చే సుడిదోమను తిని అదుపులో పెట్టేవి అవే. ఆకుముడతకని కొట్టిన మందు దోమపోటును, అంటే ఆ సుడిదోమ తెగులును, పిలుచుకొస్తుంది.

యూరియా మాట సరేసరి. నత్రజని ఎక్కువైతే ఆకు లేతగా, ఏపుగా పెరిగి పురుగు ఇంకా ఎక్కువవుతుంది.

పైరు చిన్నగా ఉన్నప్పుడు మడిలో నీరుంచి, ఇద్దరు చెరో గట్టున నిలబడి పైరు మీదుగా తాడు లాగితే పురుగులు నీళ్లలో రాలిపడతాయి. ముందు ఆ పని చేయండి. తర్వాత కూడా పురుగు లెక్క దాటితే మీ వ్యవసాయ అధికారికి ఆకు చూపించి, ఏ మందు ఎంత మోతాదులో కొట్టాలో అడగండి.