నడిస్తే గుండె అరిగిపోదు

“గుండె ఇన్నిసార్లే కొట్టుకోవాలని పుట్టుకతోనే లెక్క ఉంటుంది. వ్యాయామం చేస్తే ఆ లెక్క ముందే తీరిపోతుంది. దడ ఉన్నవాళ్లు కదలకూడదు. కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్‌కు వ్యాయామం చేశాక ఏమైందో చూశారుగా!” వాట్సాప్‌లో చేతులు మారుతున్న మాటల సారాంశం ఇది. ఇది చదివి నడక మానేసే పెద్దవాళ్ల గురించే నా బెంగ.

ముందు ఆ లెక్క. అలాంటి కోటా ఉందనడానికి ఆధారం లేదు. ఉందనుకున్నా కూడిక తప్పింది. కూర్చునే ఉండే మనిషి గుండె నిమిషానికి 75 సార్లు చొప్పున రోజుకు 1,08,000 సార్లు కొట్టుకుంటుంది. క్రమం తప్పని వ్యాయామంతో నాడి 60కి దిగిన మనిషికి, శ్రమించే గంటలో 130 చొప్పున 7,800, మిగతా 23 గంటల్లో 82,800, కలిపితే 90,600. రోజుకు 17,400 మిగులు! సాధన చేసిన గుండె ముడుచుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తాన్ని పంపుతుంది కాబట్టి నెమ్మదిగా కొట్టుకున్నా సరిపోతుంది.

“దడ ఉంటే కదలకూడదు” అన్నది అన్నిటికన్నా హానికరమైన మాట. దడ పుట్టించే లయదోషాల్లో, అంటే గుండె కొట్టుకునే తీరు తప్పే జబ్బుల్లో, పెద్దవయసులో తరచుగా కనిపించేది ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె పై గదులు సరిగా ముడుచుకోకుండా వణుకుతాయి. అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. అమెరికాలో 65 ఏళ్లు, ఆపై వయసున్న 5,446 మందిని 12 ఏళ్లు గమనించారు. అసలు వ్యాయామం చేయనివారికంటే ఓ మోస్తరుగా చేసేవారిలో ఈ జబ్బు ముప్పు 28 శాతం తక్కువ. మరి జబ్బు వచ్చాక? నార్వేలో అలాంటి 51 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుతో 12 వారాలు వ్యాయామం చేయించారు. వారిలో లయ తప్పి ఉండే సమయం 8.1 శాతం నుంచి 4.8కి తగ్గింది. చేయనివారిలో 10.4 నుంచి 14.6కి పెరిగింది. చిన్న ప్రయోగమే అయినా, కదలకూడదన్న సలహాకు ఇది సూటిగా ఎదురు నిలుస్తుంది.

ఇక పునీత్ మరణం. ఒక మనిషిని కోల్పోయిన దుఃఖాన్ని అందరినీ భయపెట్టడానికి వాడుకోవడం అన్యాయం. శ్రమిస్తూ కుప్పకూలినవారిలో చాలామందికి అంతకుముందే గుండెజబ్బు దాగి ఉంటుంది: 35 దాటినవారిలో ఎక్కువగా ధమనుల పూడిక, యువతలో గుండె కండరంలో, గుండెను కొట్టించే విద్యుత్ సంకేతాల్లో వంశపారంపర్యంగా వచ్చే లోపాలు.

ఆ సందేశంలో లేని నిజం ఒకటుంది. స్వీడన్‌లో 90 కిలోమీటర్ల వాసలోపెట్ స్కీ (మంచుపై జారుతూ సాగే) పందెం పూర్తిచేసిన 52,755 మందిని పరిశీలిస్తే, ఒక్కసారి పాల్గొన్నవారికంటే అయిదుసార్లు, అంతకుమించి పాల్గొన్నవారిలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ముప్పు 29 శాతం ఎక్కువ. అది ఏళ్ల తరబడి చేసే కఠోర సాధన. వారానికి 150 నిమిషాల చురుకైన నడకకు దానితో పోలిక లేదు.

శ్రమలో ఎప్పుడైనా స్పృహ తప్పినవారు, ఛాతీనొప్పి వచ్చినవారు, చిన్నవయసులో హఠాన్మరణం జరిగిన కుటుంబాలవారు ముందు వైద్యుడిని కలిసి ఈసీజీ తీయించుకోవాలి. ఎంత వేగంతో, ఎంతసేపు నడవవచ్చో అక్కడే అడగండి.