‘విదేశీ సాయమంతా దండగ’ అన్న సందేశంలో నిజమెంత?

అమరావతి పనులు మళ్లీ ఊపందుకున్నప్పటి నుంచి విజయవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చక్కర్లు కొడుతోంది. ప్రపంచ బ్యాంకు రాజధానికి ఉచితంగా డబ్బిస్తోందని, దానికి లెక్క అడిగే నాథుడే లేడని, దాతలు తమ కంపెనీల ద్వారా దాన్ని వెనక్కి లాక్కుంటారని, సాయం సద్వినియోగం కోసం దేశాలు చేసుకున్న ఒప్పందాలన్నీ చిత్తుకాగితాలేనని దాని సారాంశం.

మొదటి మాట పూర్తిగా తప్పు. 2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు మంజూరు చేసిన 80 కోట్ల డాలర్లూ, ఆసియా అభివృద్ధి బ్యాంకు ఇంచుమించు అంతే మంజూరు చేసిన మొత్తమూ వడ్డీతో తీర్చవలసిన అప్పులే.

లెక్క అడిగేవారు లేరన్నదీ నిలవదు. ఈ రుణాల్లో కొంత అడ్వాన్సుగా అందినా, మిగతా సొమ్ము ముందుగా అంగీకరించిన ఫలితాలు సాధించినట్టు నిర్ధారణ అయ్యాకే విడుదలవుతుంది. బ్యాంకు తన నిబంధనలను తానే పాటించలేదని భావించే బాధితులు నేరుగా ఫిర్యాదు చేసుకోవడానికి 1993 నుంచి ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ కూడా ఉంది. రాజధాని ప్రాంత రైతులు కొందరు 2017లో దాన్నే ఆశ్రయించారు. ఆ వ్యవహారం తేలకముందే, 2019 జులైలో, అప్పటి 30 కోట్ల డాలర్ల ప్రతిపాదన నుంచి బ్యాంకు తప్పుకుంది. కేంద్రం తన అభ్యర్థనను వెనక్కి తీసుకోవడమే అధికారికంగా చెప్పిన కారణం గనుక, ఫిర్యాదు వల్లే అది ఆగిందని నేను అనను. అడిగే దారి ఉందని, మనవాళ్లు ఆ దారిన వెళ్లారని మాత్రం అంటాను.

మూడో మాటలో సగం నిజముంది. తమ దేశపు సరుకే కొనాలన్న షరతుతో ఇచ్చే సాయంలో ఖర్చు 15 నుంచి 30 శాతం పెరుగుతుందని అంచనా. అత్యంత పేద దేశాలకు ఆ షరతు తొలగించాలని సంపన్న దాతలు 2001లో అంగీకరించారు గానీ, సాంకేతిక సహకారాన్ని మాత్రం దాని పరిధిలోకి రానివ్వలేదు.

ఇక ఒప్పందాల సంగతి. బస్టాండులో పసిపిల్లలకు చుక్కల మందు వేసి, ఎడమచేతి చిటికెనవేలికి సిరా గుర్తు పెట్టే పల్స్ పోలియో సిబ్బందిని చూడనివారు మనలో ఉండరు. దాని వెనుక దేశాల ఉమ్మడి నిర్ణయంతో 1988లో మొదలైన అంతర్జాతీయ కార్యక్రమం ఉంది, మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. సాయం సద్వినియోగం కోసం దాతలు, సాయం పొందే దేశాలు కలిసి చేసిన 2005 నాటి పారిస్ ప్రకటన మాత్రం అంత ఫలించలేదు: 2010 నాటికి చేరవలసిన 13 లక్ష్యాల్లో అందినది ఒక్కటే. అయితే ఈ లెక్క తేల్చినది ఆ ప్రకటన కిందే జరిగిన సర్వే. సాయం పొందే దేశాలు తమ ఆర్థిక నిర్వహణను మెరుగుపరుచుకున్నా, దాతలు వాటి ఖజానా ద్వారా డబ్బు పంపడానికి వెనుకాడారని కూడా అదే బయటపెట్టింది. సందేశం రాసినవారు నిజంగా విమర్శించదలిస్తే అక్కడ మొదలుపెట్టవచ్చు.