ఆ గడి తీసేయండి

జువెనైల్ హోంకి వెళ్లొచ్చిన పిల్లల గురించి ఎవరు మీటింగ్ పెట్టినా "నైపుణ్య శిక్షణ" అని మొదలెట్టి అక్కడే ముగిస్తారు. ఏసీ రిపేరు షాపు నడిపేవాడిగా చెప్తున్నా, పని నేర్పడం కష్టమేం కాదు. గ్యాస్ ఎక్కించడం, కాపర్ పైపు అతికించడం చురుకైన కుర్రాడికి ఒక్క ఎండాకాలంలో వచ్చేస్తాయి. అసలు తంటా ఆ తర్వాత వచ్చే కాగితంతోనే.

మా దగ్గర ఒకడున్నాడు. పదహారేళ్లప్పుడు దోస్తులతో తిరుగుతూ బైకు దొంగతనం కేసులో ఇరుక్కుని, కొన్నాళ్లు హోంలో ఉండొచ్చాడు. మొన్న ఒక పెద్ద సర్వీస్ కంపెనీలో టెక్నీషియన్‌గా సెలెక్టయ్యాడు. జాయినింగ్ ఫాంలో ఒక గడి: "మీ మీద ఎప్పుడైనా క్రిమినల్ కేసు నమోదైందా?" పెన్ను పట్టుకుని నా మొహం చూస్తూ "ఏం రాయాలే అన్నా?" అన్నాడు. అవునంటే ఉద్యోగం రాదు. కాదంటే, రేపు వెరిఫికేషన్‌లో బయటపడి వచ్చిన ఉద్యోగం పోతుంది, పైగా దాచాడన్న మాట. వాడు నిజమే రాశాడు. ఆ తర్వాత కంపెనీవాళ్లు ఫోనెత్తడం మానేశారు.

మరి చట్టం ఏమంటోంది? 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం మైనర్‌గా ఉన్నప్పటి కేసు వల్ల ఆ పిల్లాడికి ఏ అనర్హతా అంటకూడదు. అప్పీలు గడువు అయ్యాక రికార్డు కూడా ధ్వంసం చేయాలి. కేసు ముగిశాక క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు ఆ రికార్డు బయటపెట్టకూడదని 74వ సెక్షన్ చెప్తోంది. కేంద్ర బలగాల్లో ఉద్యోగం విషయంలో 2019లో సుప్రీంకోర్టు ఇదే దారిలో తీర్పిచ్చింది. పదహారు దాటి ఘోరమైన నేరం చేసి, పెద్దవాళ్లలాగే విచారణలో దోషిగా తేలినవాళ్లకి మాత్రం ఈ రక్షణ లేదు. సరే, వాళ్ల సంగతి వేరు. మావాడిది బైకు కేసు.

హోంలో ఇచ్చే శిక్షణ మీదా ఒక మాట. ఈ పిల్లలకి మామూలుగా బెయిలే ఇవ్వాలి, చట్టమే అలా ఉంది. ఆర్నెల్ల కోర్సు పెడితే, సగంలోనే పిల్లాడు ఇంటికెళ్తాడు. సర్టిఫికెట్ ఉండదు. బయట ఆ కోర్సు ఎక్కడ కొనసాగించాలో చెప్పే నాథుడూ ఉండడు.

బాధితుల సంగతేంటని అడుగుతారు. అడగాలి కూడా. మా షాపు ముందే ఒక బండి పోయింది, ఆ కడుపుమంట నాకు తెలుసు. కానీ వీడికి జీతం రాకపోతే ఎవరి బండి తిరిగొస్తుంది? హైదరాబాద్‌లో చంచల్‌గూడ జైలు నడిపే బంకులో ఖైదీలు పనిచేస్తుంటే వెళ్లి పెట్రోలు కొట్టించుకుంటాం, "నీదే కేసు?" అని అడగం. శిక్ష పడ్డ పెద్దాళ్లకి ఇచ్చే ఆ పాటి మర్యాద పిల్లాడికి ఎందుకు ఉండదు?

నేనడిగేది కొత్త పథకం కాదు. ఆ గడి తీసేయండి, లేదంటే దాని కింద ఒక్క లైను చేర్చండి: "18 ఏళ్లు నిండకముందు జరిగినవై, మైనర్ల కేసులు చూసే జువెనైల్ బోర్డులో ముగిసిన కేసుల వివరాలు రాయనక్కర్లేదు." ఇప్పుడన్నీ ఆన్‌లైన్ ఫాములే, ప్రింటింగ్ ఖర్చు కూడా లేదు. లేబర్ డిపార్ట్‌మెంట్ ఒక సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది. ఈలోగా, ఈ పోస్టు చదివేవాళ్లలో హెచ్‌ఆర్‌లో ఉన్నవాళ్లు మీ కంపెనీ ఫాం ఒకసారి తీసి చూడండి. ఆ గడి ఉందో లేదో, ఉంటే దాన్ని తీసే అధికారం ఎవరి చేతిలో ఉందో కామెంట్లో రాయండి.