‘డేటా తెస్తుంది’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘డేటా తెస్తుంది’ గారికి,

గుంటూరు బ్రాడీపేట నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలెట్టాలి గానీ, ఉభయుల్లో కుశలంగా ఉన్నది తమరొక్కరే.

టూల్ అంటే ఏఐ తన పనికి పిలుచుకునే చిన్న ప్రోగ్రాం. ఈ టూల్ పేరు గెట్‌డేటా. దాని కింద డిస్క్రిప్షన్, అంటే అదేం చేస్తుందో చెప్పే వివరణ, ఆ హోదాలో తమరు: ‘డేటా తెస్తుంది.’ రెండే మాటలు. ఏ డేటా, ఎక్కడిది, ఎప్పటిది అంటే జవాబు లేదు. కోర్టులో సాక్షి కూడా ఇంత పొదుపుగా మాట్లాడడు.

తమరి కొలువు ఎక్కడో తమరికి ఎవరూ చెప్పినట్టు లేరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు. రైతులు ఫోన్‌లో అడిగేవాటికి జవాబు చెప్పడానికి, వచ్చిన సరుకు రాసుకోవడానికి షావుకారుగారు ఏఐ ఏజెంట్‌ను, అంటే అడిగింది విని తగిన టూల్‌ను పిలిచి పని చేసే ఏఐని, పెట్టించారు. ఆ ఏజెంట్ టూల్ లోపలికి తొంగి చూసి కోడ్ చదవదు. దానికి అందేవి పేరు, డిస్క్రిప్షన్, పారామీటర్ల (పిలిచేటప్పుడు టూల్‌కు ఇవ్వాల్సిన వివరాల) పట్టిక. ఆ మూడింట్లో కాస్త నోరున్నది తమరికే. ఆ నోటితో తమరు పేరునే మళ్లీ పలికారు.

మొన్నొక పెద్దాయన “తేజ రేటు ఎట్టుంది?” అన్నాడు. తేజ అంటే ఒక మిర్చి రకం. ఏజెంట్ ముందు గెట్‌డేటా, గెట్‌రేట్, ఫెచ్‌ఇన్ఫో ఉన్నాయి. గెట్‌రేట్ గుమ్మంలో తమరి తమ్ముడు ‘రేటు ఇస్తుంది’ నిలబడి ఉన్నాడు. ఏజెంట్ నమ్మి పిలిచింది. ఒక అంకె వచ్చింది, పక్కన రూపాయీ లేదు, క్వింటా లేదు. తీరా అది కోల్డ్ స్టోరేజీలో టిక్కీకి (మిర్చి బస్తాకి) కట్టే అద్దె. ఏజెంట్ దాన్నే తేజ ధరగా చెప్పింది. “ఆ డబ్బుకి కాయ మాట దేవుడెరుగు, తొడిమైనా రాదు” అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఇంకొకాయన 334 ధర అడిగాడు. యార్డులో హమాలీని అడిగినా 334 అంటే మిర్చి రకం అని చెబుతాడు. తమరి పారామీటర్ పేరేమో ‘వాల్యూ’. అంకె కనపడింది కదా అని ఏజెంట్ దాన్ని ధర అనుకుని, 334 రూపాయలకు అమ్ముడైన సరుకు కోసం రికార్డులన్నీ గాలించి, లేదని వినయంగా చెప్పింది.

ఇవి నవ్వుకుని వదిలేయొచ్చు. అప్‌డేట్‌స్టాక్ చేసింది వదిలేసేది కాదు. దాని డిస్క్రిప్షన్ తమరి బావమరిది: ‘స్టాకు అప్‌డేట్ చేస్తుంది.’ ఉన్నదానికి కలుపుతుందా, ఉన్నది చెరిపి కొత్తది రాస్తుందా? బావమరిది చెప్పడు. నలభై టిక్కీలు దిగాయని గుమస్తా చెబితే ఏజెంట్ నలభై అని పంపింది. ఆ టూల్ చెరిపి రాసే రకం. కోల్డ్ స్టోరేజీలో ఉన్న సరుకంతా ఉన్నచోటే ఉంది, పుస్తకంలో మాత్రం నలభై మిగిలాయి. షావుకారుగారికి ఆ పూట బీపీ మాత్ర చాల్లేదు.

తర్వాత మీటింగ్ పెట్టారు. ‘ఏఐ భ్రమ పడుతోంది’ అన్నారు ఒకరు. ‘ఇంకా పెద్ద మోడల్ కొందాం’ అన్నారు ఇంకొకరు. తమరి పేరెత్తినవాడు లేడు. ఎంత పెద్ద మోడల్ వచ్చినా తమరి రెండు మాటలే చదువుతుందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

తమరిని రాసినవాడు దుర్మార్గుడేం కాదు. కొట్లో కూర్చుని రాశాడు. ధరంటే క్వింటాకేననీ, తాలు అంటే రంగు పోయిన కాయనీ, ఏసీ సరుకంటే కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిందనీ చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. తెలిసినవాళ్ల మధ్య కూర్చున్నవాడికి రాయాలనిపించదు. మా బ్రాడీపేట అడ్రసు చూడండి: 4/7 అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. ఇప్పుడే బస్సు దిగినవాడైనా నేరుగా వచ్చేస్తాడు. తమరిది ‘ఊళ్లోనే, రండి’ అనే బాపతు.

తమరి వంశం పాతదేం కాదు. మోడల్ చేత టూళ్లను పిలిపించే ఫంక్షన్ కాలింగ్‌ను ఓపెన్‌ఏఐ 2023 జూన్‌లో తెచ్చింది. ఏఐకి టూళ్లను తగిలించే ఉమ్మడి పద్ధతి, మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను ఆంత్రోపిక్ 2024 నవంబరులో విడుదల చేసింది. ఆ ప్రోటోకాల్‌లో టూల్‌కు పేరు తప్పనిసరి, డిస్క్రిప్షన్ మాత్రం ఉన్నా సరే, లేకున్నా సరే. లేకపోయినా చెల్లేచోట తమరు వచ్చి మరీ ఏమీ చెప్పకుండా కూర్చోవడం, అదీ ఘనత.

తమరి పెదనాన్నగారి, అంటే సాగదీసిన డిస్క్రిప్షన్‌గారి, సంగతీ విన్నాను. పేజీలకు పేజీలు, వాక్యానికో ‘అతి ముఖ్యం’, చివర్న ‘ముందు నన్నే వాడు’ అని గద్దింపు. ఆయన పెద్దరికమంతా ప్రతి పిలుపుకీ మోడల్ ముందుకు వెళ్తుంది, టోకెన్ల (మోడల్ చదివే మాటల ముక్కల) బిల్లు షావుకారుకి వెళ్తుంది. ఆయన్ని తీసుకురావొద్దు.

తమరి కుర్చీలో కూర్చోబెట్టడానికి ఒకర్ని చూశాను. బయోడేటా ఇది: ‘గుంటూరు యార్డులో ఒక రోజు, ఒక రకం ఎండుమిర్చికి పలికిన ధర ఇస్తుంది. కనిష్ఠం, గరిష్ఠం, రెండూ క్వింటాకు రూపాయల్లో. రకం: తేజ, 334, 341, బ్యాడిగి, తాలు, ఇవి పేర్లు, అంకెలు కావు. తేదీ: సంవత్సరం, నెల, రోజు, ఆ వరసలోనే. యార్డుకు సెలవైతే ఖాళీ జాబితా వస్తుంది. అది పొరపాటు కాదు, మళ్లీ మళ్లీ పిలవొద్దు. కోల్డ్ స్టోరేజీ అద్దెకు ఇది కాదు, స్టోరేజీ అద్దె టూల్ వేరే ఉంది.’ టూల్ పేరు కూడా మిర్చి ధర అనే ఉంటుంది. చూడటానికి అందగాడేం కాదు. ఏం చెప్పాలో, ఎక్కడ ఆగాలో తెలుసు.

సోమవారం యార్డు తెరుస్తారు. ఆదివారం రాత్రికల్లా తమరూ, తమ్ముడుగారూ ఖాళీ చేయండి. బావమరిదిగారు మాత్రం ఇప్పుడే, ఈ ఉత్తరం అందిన వెంటనే.

ఇట్లు,
తమరి పిలుపుల చిట్టా రోజూ చదివే టెస్టరు