పదమూడు క్యాపులు, ఒక ఓనరు

మా నాన్న నాకు వదిలి వెళ్ళిన ఆస్తి ఒక పాత లారీ. గుంటూరు యార్డు నుంచి మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, వేసుకుని వారధి ఎక్కేసరికి ఆయాసం. సైలెన్సర్లోంచి వచ్చే నీలం పొగకి మా వీధి పిల్లలు దోమల మందు బండి వచ్చిందనుకుని కేరింతలు కొడుతూ వెనకాలే పరుగెత్తారు. డిప్‌స్టిక్ పీకితే ఆ కన్నంలోంచి కూడా ఎవరో లోపల కూర్చుని చుట్ట కాలుస్తున్నట్టు పొగ.

విజయవాడ ఆటోనగర్లో మేస్త్రీ ఒక్కసారి స్టార్ట్ చేయించి, వెంటనే ఆపెయ్యమన్నాడు. "బోరు పోయిందండీ. లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ మార్చాల్సిందే."

పిస్టన్లు తిప్పే ఇరుసు, అదే క్రాంక్ షాఫ్టు, లేతు షాపుకెళ్ళి ఇరవై సైజుకి గ్రైండింగ్ అయి వచ్చింది. అంటే అర మిల్లీమీటరు సన్నబడింది, దానికి తగ్గట్టు బేరింగులూ ఇరవై సైజువే కొన్నాం. నా పర్సు ఎంత సన్నబడిందో చెప్పను.

ఇంజన్ విప్పిన దగ్గర్నుంచి నేను అక్కడే స్టూలు వేసుకుని కూర్చున్నాను. గంటకోసారి మేస్త్రీ "ఓనరు గారూ, మీరెళ్ళి టీ తాగి రండి" అనేవాడు. ఎంత మర్యాదో అనుకున్నాను.

మూడో రోజు ఆయన భోజనానికెళ్ళాడు. గోనెపట్టా మీద క్యాపులు, అంటే షాఫ్టుని పట్టి ఉంచే అరవంపు మూతలు, వరసగా పరిచి ఉన్నాయి, ఆరు పిస్టన్లని షాఫ్టుకి కలిపే కనెక్టింగ్ రాడ్లవి, ఏడు బ్లాకులో షాఫ్టు కూర్చునే మెయిన్ బేరింగులవి, మొత్తం పదమూడు, ఒంటినిండా నల్లటి జిడ్డు, మీద సుద్దముక్కతో ఏవో గీతలు. పనికి వచ్చిన వాణ్ణి ఊరికే కూర్చోవడమెందుకని డీజిల్ తొట్టెలో ముంచి, పండగ ముందు ఇత్తడి సామాను తోమినట్టు తోమి, చిన్నవొకపక్క పెద్దవొకపక్క మా ఇంట్లో గిన్నెల స్టాండు లెక్కన సర్దిపెట్టాను. మెరిసిపోతున్నాయి. ఫోటో కూడా తీశాను.

మేస్త్రీ వచ్చాడు. చూశాడు. తువ్వాలు తీసి మొహం తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఎవరు కడిగింది?"

"నేనే బాబాయ్!"

ఆయన తిట్టి ఉంటే బాగుండేది, కింద కూర్చుండిపోయాడు. మెయిన్ క్యాపుల్ని బ్లాకుకి బిగించాకే అన్నిటికీ కలిపి బోరు కొడతారట, అంటే కన్నం తొలుస్తారట, రాడ్ల క్యాపులూ అంతే, దేని రాడ్డు దానిదే. ఒకదాని చోట ఇంకోటి పెట్టినా, అదే క్యాపుని తిప్పి పెట్టినా షాఫ్టు పట్టేస్తుంది.

"పంచ్ గుర్తులుంటాయిగా?" అన్నాను, తెలిసినవాడిలా.

ఉన్నాయి. అదే చిక్కు. ఈ బండికి ఇంజన్ పని ఇది మూడోసారి, ఇద్దరు మేస్త్రీలు ఎవరి లెక్కన వాళ్ళు చుక్కలు కొట్టారు. ఒకే రాడ్డు క్యాపు మీద ఒకపక్క రెండు చుక్కలు, ఇంకోపక్క అయిదు. అది రెండోదా, అయిదోదా? ఏడోదా? (ఏడోదా అన్నది నేనే. రాడ్లు ఆరే ఉంటాయని క్లీనర్ కుర్రాడు గుర్తుచేశాడు.)

చివరికి, మొదటిసారి పని చేసిన మేస్త్రీని పటమటలో వాళ్ళింటి నుంచి మోపెడ్ మీద తీసుకొచ్చారు. ఆయన కళ్ళజోడు సవరించుకుని, ఒక్కో క్యాపునీ వెలుతురులో తిప్పి చూసి, "నాది ఎడమచేతి వాటం, నా చుక్క ఇటు వాలుద్ది" అంటూ వేరు చేశాడు. రాత్రి తొమ్మిదికి పదమూడూ బిగిశాయి. షాఫ్టుని చేత్తో తిప్పితే నున్నగా తిరిగింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళేసరికి హెడ్డు బిగించే పని, బల్ల మీద వాల్వులు వరసగా ఉన్నాయి. నేను స్టూలు జరుపుకుంటుంటే మేస్త్రీ తలెత్తకుండానే క్లీనర్ని పిలిచాడు.

"ఒరేయ్, ఓనరు గారికి టీ తాగించుకుని రా. బెంజి సర్కిల్ అవతల బాగుంటుందంట. నడిచే వెళ్ళండి."

ఆ రోజు సాయంత్రానికి ఎనిమిది టీలయ్యాయి.